గడువు దాటిన జవాబు: రియల్ టైమ్ కంట్రోల్ గురించి కొన్ని లెక్కలు



వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, జోకులు ఎలాగూ ఉంటాయి. చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయండని అడిగారు గనుక పూర్వ విద్యార్థులమైన మేము కొందరం కలిసి ఇది రాస్తున్నాం. మేమందరం ఈ హాస్టళ్లలో ఉండి పదో తరగతి పాసై, పాలిటెక్నిక్ ఎంట్రన్స్ రాసి డిప్లొమాలో చేరినవాళ్లం. ఇప్పుడు కంట్రోల్ ప్యానళ్ల దగ్గర, మైక్రోకంట్రోలర్ బోర్డుల దగ్గర పని చేసుకుంటున్నాం. ఎంబెడెడ్ సిస్టమ్స్ అనే పేపరు డిప్లొమాలోనూ ఉంది, బి.టెక్.లోనూ ఉంది. అందులో పిన్ డయాగ్రమ్ బట్టీ పడతారు, ప్రోగ్రామ్ బట్టీ పడతారు. టైమింగ్ అనే పాఠం మాత్రం రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోతుంది. ఇంటర్వ్యూలో అడిగేది అదే, పనిలో చేరాక ప్రాణం మీదికి వచ్చేదీ అదే. అందుకే దీన్ని ఎంచుకున్నాం.

దీనికి అమెరికా ఉదాహరణలు వెతకాల్సిన పని లేదు. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోని రామగుండం ఎన్.టి.పి.సి. పొగ గొట్టాలు మనలో చాలామంది చిన్నప్పటి నుంచి చూసినవే. అక్కడ 1978లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ వచ్చింది, 2004లో ఏడో యూనిట్ వచ్చింది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తం 2600 మెగావాట్లు. ఆ పక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేరుతో కట్టిన 800 మెగావాట్ల యూనిట్లు రెండింటిలో మొదటిది 2023 అక్టోబరులో, రెండోది 2024 మార్చిలో జాతికి అంకితమయ్యాయి. రెండో దాని సభ ఆదిలాబాద్‌లోనే జరిగింది. ఇంత పెద్ద యంత్రాలను క్షణక్షణం కనిపెట్టుకుని ఉండేది మనుషులు కాదు, చిన్న చిన్న కంప్యూటర్లు. మనిషి పర్యవేక్షిస్తాడు. మనిషి కన్ను ఆర్పేలోపు జరగాల్సిన పనులు మాత్రం వాటివి.

వేగం వేరు, వేళకు రావడం వేరు

రియల్ టైమ్ సిస్టమ్ అంటే ఏమిటని వైవాలో అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది "చాలా ఫాస్ట్‌గా పనిచేసే సిస్టమ్ సార్" అంటారు. అది తప్పు జవాబు. జవాబు సరిగా ఉండడంతో పాటు, ముందే పెట్టిన గడువులోగా రావాలి, ప్రతిసారీ రావాలి. అదే రియల్ టైమ్. ఆ గడువు ఒక మిల్లీసెకను కావచ్చు, పది సెకన్లు కావచ్చు. ఎంతన్నది కంప్యూటర్ చెప్పదు. కంప్యూటర్ ఏ యంత్రాన్ని నడుపుతున్నదో ఆ యంత్రం చెబుతుంది.

మన హాస్టల్ భాషలో చెప్పుకుందాం. పరీక్ష పొద్దున 9 గంటలకు. హాల్ టికెట్ మధ్యాహ్నం వచ్చింది. ఫోటో సరిగ్గానే ఉంది, ముద్ర ఉంది, సంతకం ఉంది. అయినా అది చిత్తు కాగితమే. ఇలాంటి గడువును హార్డ్ గడువు అంటారు. స్కాలర్‌షిప్ సంగతి వేరు. జూన్‌లో రావలసింది మార్చిలో వచ్చినా పనికొస్తుంది, ఆలోపు అప్పులు అయితేనేం, బూట్లు చినిగితేనేం. ఇలాంటిది సాఫ్ట్ గడువు. (సాఫ్ట్ అన్నాం గదా అని ఎంత ఆలస్యం చేసినా పరవాలేదని పెద్దలు అనుకోవద్దని మనవి.) టీవీలో క్రికెట్ చూస్తుంటే బొమ్మ ఒక్కసారి ఆగితే సాఫ్ట్. టర్బైన్ ఆవిరి వాల్వు మూసుకోవడం ఆలస్యమైతే హార్డ్.

నిదానంగా ఉండే రియల్ టైమ్‌కు ఉదాహరణ మన ఇళ్లలోనే ఉంది. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ వైపు పిల్లల ఇళ్లలో ఎవరో ఒకరు బాయి పనికి పోతుంటారు, పర్మినెంటుగానో కాంట్రాక్టులోనో. బొగ్గు బాయిలో మీథేన్ ఊరుతుంది. గాలిలో అది సుమారు 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వ చాలు పేలడానికి. అందుకే 1.25 శాతం దాటగానే ఆ భాగంలో కరెంటు తీసేయాలని బొగ్గు గనుల నిబంధనల్లో ఉంది. గ్యాసు కొలిచే సెన్సార్ ఉన్నచోటికి గాలి చేరి, అది లోపలికి ఇంకి, రీడింగ్ నిలకడకు రావడానికే కొన్ని సెకన్లు పడుతుంది. అక్కడ గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ పెట్టినా ఒరిగేది లేదు. కావలసిందల్లా రీడింగ్ రాగానే బ్రేకర్ పడుతుందన్న భరోసా. వెయ్యిసార్లలో వెయ్యిసార్లూ పడాలి. స్క్రీన్ మీద గ్రాఫ్ గీస్తున్నాననో, ప్రింటర్ జామ్ అయిందనో కంప్యూటర్ ఆ ఒక్కసారి ఆలస్యం చేయకూడదు. సగటు ఎంత బాగున్నా లోపల ఉన్న మనిషికి ఉపయోగం లేదు. అందరికంటే ఆలస్యమైన సందర్భం ఎంత అన్నదే లెక్క.

రైలుదీ ఇదే వరుస. పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ మీదుగా బల్లార్షా పోయే రైలు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో ఉంటే సెకనుకు 33 మీటర్లు పోతుంది. 'కవచ్' అనే రక్షణ వ్యవస్థను 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో రెండు రైళ్లను ఎదురెదురుగా నడిపి చూపించారు. అందులో బ్రేకు నిర్ణయం ఒక సెకను ఆలస్యమైతే 33 మీటర్లు పోయినట్టే. ఇక్కడ గడువును మీటర్లలో కొలవవచ్చు.

టర్బైన్ ఎంత టైమ్ ఇస్తుంది?

ఇప్పుడు రామగుండం 500 మెగావాట్ల యూనిట్‌కు వద్దాం. ఈ లెక్క ఇంటర్ ఫిజిక్స్‌తో అయిపోతుంది, భయపడకండి.

మన కరెంటు 50 హెర్ట్జ్. టర్బైన్, జనరేటర్ ఒకే షాఫ్ట్ మీద నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 50 చుట్లు, ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు. ఒకవైపు ఆవిరి తోస్తుంటుంది, మరోవైపు గ్రిడ్ లాగుతుంటుంది. రెండూ సమానంగా ఉన్నంతసేపు వేగం మారదు. ఏ పిడుగో పడి, ఏ లైనో తెగి జనరేటర్ బ్రేకర్ తెరుచుకున్నదనుకోండి. గ్రిడ్ లాగడం ఆగిపోయింది. ఆవిరి మాత్రం ఇంకా తోస్తూనే ఉంది. ఎడ్లు ఒక్కసారిగా బరువు తెగిన బండి లాగినట్టు వేగం పెరగడం మొదలవుతుంది.

ఎంత సేపట్లో ఎంత పెరుగుతుంది? తిరిగే షాఫ్ట్‌లో శక్తి దాగి ఉంటుంది. లెక్క కోసం, ఆ శక్తి యూనిట్ 4 సెకన్ల పూర్తి ఉత్పత్తికి సమానం అనుకుందాం. ఇంత పెద్ద యంత్రాలకు అది ఈ దరిదాపుల్లోనే ఉంటుంది. 500 మెగావాట్లను 4 సెకన్లతో గుణిస్తే 2000 మెగాజౌళ్లు. గతిజ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని మీకు తెలుసు. వేగం 10 శాతం పెరిగి 3300 చుట్లు కావాలంటే శక్తి 1.1 ఇంటు 1.1, అంటే 1.21 రెట్లు కావాలి. అదనంగా కావలసింది 2000లో 0.21 వంతు, 420 మెగాజౌళ్లు. ఆవిరి సెకనుకు 500 మెగాజౌళ్లు ఇస్తున్నది. 420ని 500తో భాగిస్తే 0.84 సెకను.

ఒక సెకను కూడా లేదు. 3300 దాటిందంటే చివరి రక్షణ అయిన ఓవర్ స్పీడ్ ట్రిప్ పనిచేయవలసిన చోటికి వచ్చినట్టే. అదీ పనిచేయకపోతే బ్లేడ్లు తెగి కేసింగ్ చీల్చుకుని బయటికి వస్తాయి. ఆ హాల్లో మనుషులుంటారు. కాబట్టి మొదటి రక్షణ అయిన గవర్నర్, వేగం అంతదాకా పోకముందే ఆవిరి ఆపాలి.

ఈ 840 మిల్లీసెకన్లూ కంప్యూటర్‌వే అనుకుంటే మోసపోతాం. వాల్వు బరువైన ఇనుము. ఆయిల్ ప్రెజర్ తగ్గి, స్ప్రింగ్ తోసి అది మూసుకోవడానికి 300 పోయిందనుకోండి. వాల్వు తర్వాత పైపుల్లో అప్పటికే ఉన్న ఆవిరి తోస్తూనే ఉంటుంది. దానికి 200 తీసేయండి. సోలెనాయిడ్, ఆయిల్ లైను కదలడానికి ఇంకో 100. మిగిలింది 240. అందులో సగం రిజర్వుగా పెట్టుకోవడం ఇంజనీర్ల అలవాటు, మంచి అలవాటు. మిగిలేది 120. అందులోనూ ఒక్క రీడింగ్ చూసి యూనిట్ ఆపేస్తే, ఏ వెల్డింగ్ మెషిన్ నాయిస్‌కో 500 మెగావాట్లు పడిపోతాయి. కనీసం వరుసగా మూడు రీడింగులు చూడాలి. అందుకే వేగాన్ని ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి చూడాలని పెట్టుకుంటాం. మూడు రీడింగులకు 30, ఘటన మధ్యలో మొదలైతే ఇంకో 10. గడువు సరిపోయింది.

ఈ 10 ఎక్కడినుంచి వచ్చిందో గమనించారు గదా? మాన్యువల్ చూసి రాసింది కాదు. ఇనుము బరువు నుంచి, ఆవిరి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తే వచ్చింది. ప్రాజెక్టు రిపోర్టుల్లో "శాంప్లింగ్ టైమ్ 10 మిల్లీసెకన్లు" అని రాసి, ఎందుకంటే నీళ్లు నమిలే విద్యార్థులు చాలామంది. ఎగ్జామినర్‌కు ఈ వెనక్కి నడిచే లెక్క చెప్పి చూడండి.

బాయిలర్ వైపు గడువులు కొంచెం పెద్దవి, ప్రమాదం మాత్రం చిన్నది కాదు. యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు అనుకుంటే 500 మెగావాట్లకు గంటకు 325 టన్నులు, అంటే సెకనుకు 90 కిలోల బొగ్గు పొడి ఫర్నేస్‌లోకి పోతుంటుంది. మంట ఆరిపోయి, పొడి మాత్రం పోతూనే ఉంటే ప్రతి సెకనుకూ రెండు బస్తాల దాకా మండని బొగ్గు లోపల పేరుకుంటుంది. ఆ తర్వాత ఎక్కడో ఒక నిప్పు తగిలితే ఫర్నేస్ గోడలు ఆగవు. మంటను చూసే స్కానర్లు కొద్ది సెకన్లలోనే ఇంధనం ఆపించడం అందుకే.

333 మైక్రోసెకన్లు

వేగాన్ని కొలిచేదెలా? షాఫ్ట్ మీద 60 పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. ప్రతి పన్నూ సెన్సార్ ముందు నుంచి పోయినప్పుడు ఒక పల్స్ వస్తుంది. 60 పళ్లే ఎందుకంటే, నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 3000 పల్సులు వస్తాయి, మార్పిడి లెక్క అక్కర్లేదు. పల్సుకు, పల్సుకు మధ్య 333 మైక్రోసెకన్లు.

మీ ల్యాబ్‌లో ఉన్న 8051తో ఆలోచిద్దాం. నిజం టర్బైన్‌కు దాన్ని పెట్టరు, అక్కడ మూడు వేర్వేరు ఛానళ్లు పెట్టి, మూడింటిలో రెండు ఒప్పుకుంటేనే ట్రిప్ చేస్తారు. కాని సూత్రం అదే. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో 8051కి ఒక మెషిన్ సైకిల్ సరిగ్గా 1 మైక్రోసెకను.

మొదటి పద్ధతి: 10 మిల్లీసెకన్లలో ఎన్ని పల్సులు వచ్చాయో లెక్కపెట్టడం. 3000 చుట్ల దగ్గర 30 వస్తాయి. ఒక పల్సు అటో ఇటో అయితే 30లో 1, అంటే 100 చుట్ల తేడా. దీనితో గవర్నర్ నడపలేం. రెండో పద్ధతి: 30 పళ్లు పోవడానికి ఎంత టైమ్ పట్టిందో కొలవడం. సరిగ్గా 10,000 మైక్రోసెకన్లు రావాలి. టైమర్ 1 మైక్రోసెకను తేడాతో చూపినా తప్పు 0.3 చుట్టే. అదే సెన్సార్, అదే చక్రం, అదే చిప్పు. లెక్క తిప్పి వేస్తే మూడువందల రెట్లు మెరుగు.

అయితే ఇక్కడే మెలిక ఉంది. పల్సు రాగానే ఇంటరప్ట్ వచ్చి, ఆ ప్రోగ్రామ్ టైమర్‌ను చదవాలి. ఆ సమయానికి ఇంకేదో ఇంటరప్ట్ నడుస్తూ ఉండి, మన ప్రోగ్రామ్ 100 మైక్రోసెకన్లు ఆలస్యంగా చదివిందనుకోండి. 10,000 రావలసినచోట 10,100 వచ్చింది. ఒక శాతం తేడా, 30 చుట్లు తక్కువగా కనిపించింది. టర్బైన్ వేగం మారలేదు, మన చదవడం మారింది. ఇలా ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా జరగడాన్ని జిట్టర్ అంటారు. టైమింగ్ తప్పు అంకె తప్పుగా మారడం ఇందులో విశేషం. వైర్లు, సెన్సార్ మార్చి మార్చి అలసిపోయేవాళ్లు ఈ సంగతి తెలియక అలసిపోతారు. మందు సులభమే: పల్సు రాగానే టైమర్ విలువను హార్డ్‌వేరే పట్టి ఉంచే క్యాప్చర్ సౌకర్యం వాడాలి. 8051లో అది లేదు, 8052లో టైమర్ 2కు ఉంది. అప్పుడు ప్రోగ్రామ్ తర్వాతి పల్సు వచ్చేలోపు తీరిగ్గా చదువుకున్నా అంకె మారదు.

ముగ్గురికి ఒకే ప్రాసెసర్

ఇప్పుడు అసలు పాఠం. ఒకే ప్రాసెసర్ మీద మూడు పనులు పెట్టాం. మొదటిది వేగం చూడడం: ప్రతి 10 మిల్లీసెకన్లకు, ఎంత ఆలస్యమైనా 2 మిల్లీసెకన్లలో అయిపోతుంది. రెండోది వాల్వు స్థానం సరిచేయడం: ప్రతి 20కి, 6 పడుతుంది. మూడోది కంట్రోల్ రూమ్ స్క్రీన్‌కు లెక్కలు పంపడం: ప్రతి 50కి, 15 పడుతుంది. ప్రతి పనీ దాని తర్వాతి వంతు వచ్చేలోపు పూర్తికావాలి. ఇక్కడ 2, 6, 15 అనేవి సగటు అంకెలు కావు. ప్రోగ్రామ్‌లోని అన్ని దారుల్లో పొడుగైన దారి పట్టినప్పటి అంకెలు.

ప్రాసెసర్‌కు ఎంత పని? 10లో 2 అంటే 20 శాతం, 20లో 6 అంటే 30, 50లో 15 అంటే 30. మొత్తం 80 శాతం. ఇంకా 20 శాతం ఖాళీ ఉంది గదా, సరిపోతుందని అనిపిస్తుంది.

డిప్లొమా ప్రాజెక్టుల్లో అందరూ రాసే పద్ధతిలో, ఒక లూపులో మూడు పనులూ వరసగా రాశామనుకోండి. స్క్రీన్ పని మొదలైతే 15 అయ్యేదాకా వదలదు. దాని వెంట వాల్వు పని 6 తీసుకుంటుంది. వేగం చూసే పని 21 మిల్లీసెకన్లు ఆగాలి. దాని గడువు 10. ప్రాసెసర్ ఐదో వంతు ఖాళీగా ఉండి కూడా గడువు తప్పింది. ఇంకా వేగమైన చిప్పు కొనాలా? అక్కర్లేదు.

పనులకు ప్రయారిటీ పెట్టి, పై ప్రయారిటీ పని రాగానే కింది పనిని మధ్యలో ఆపి దానికి దారి ఇస్తే చాలు. ఎవరికి పెద్ద ప్రయారిటీ? ఎక్కువసార్లు రావలసిన పనికి, అంటే చిన్న పీరియడ్ ఉన్నదానికి. దీన్ని రేట్ మోనోటోనిక్ పద్ధతి అంటారు. లియు, లేలాండ్ అనే ఇద్దరు 1973లో దీనికి గణిత రుజువు ఇచ్చారు. వాళ్ల సూత్రం ప్రకారం మూడు పనులుంటే మొత్తం పని 78 శాతం లోపు ఉంటే చాలు, గడువులన్నీ అందుతాయి. పనులు ఎన్ని పెరిగినా 69 శాతం లోపు ఉంటే భయం లేదు. మనది 80. అంటే ఫెయిల్ అయిందా? కాదు. చాలా గైడ్లలో ఇక్కడ తప్పుగా రాస్తారు. 78 లోపు ఉంటే తప్పక పాస్. పైన ఉంటే విడిగా దిద్ది చూడాలి, అంతే.

దిద్ది చూద్దాం. వేగం పనికి అడ్డు లేదు, 2లో అయిపోతుంది. వాల్వు పనికి 6, మధ్యలో వేగం పని ఒకసారి వస్తే 2, మొత్తం 8. గడువు 20, పాస్. స్క్రీన్ పని అందరికంటే కింద ఉంది. దాని సొంత పని 15. అన్నీ ఒకేసారి మొదలైతే, 15 మిల్లీసెకన్లలో వేగం పని రెండుసార్లు వస్తుంది, 4. వాల్వు పని ఒకసారి, 6. మొత్తం 25. కాని 25 అయ్యేలోపు వేగం పని మూడుసార్లు, వాల్వు పని రెండుసార్లు వచ్చి ఉంటాయి: 15, 6, 12, మొత్తం 33. మళ్లీ 33కి చూడండి: వేగం నాలుగుసార్లు, వాల్వు రెండుసార్లు. 15, 8, 12, మొత్తం 35. మళ్లీ 35కి వేస్తే 35 దగ్గరే నిలిచింది. అంకె కదలడం ఆగిందంటే జవాబు వచ్చినట్టు. గడువు 50, జవాబు 35. ముగ్గురూ పాస్.

కాగితం మీద ఐదు నిమిషాల పని ఇది. చిప్పు మార్చలేదు, పైసా ఖర్చు కాలేదు. ఈ లెక్క వేయకుండా నెల రోజులు రన్ చేసి చూశాం, బాగానే ఉంది అంటే ఒప్పుకోకండి. మూడు పనులూ ఒకే క్షణంలో మొదలయ్యే రోజు ఆ నెలలో రాలేదేమో.

స్టోర్ రూమ్ తాళం

ప్రయారిటీలు పెట్టాక కూడా ఒక చిక్కు వస్తుంది. స్టోర్ రూమ్ తాళం చెవి ఒకటే ఉంది. ఆరో తరగతి పిల్లవాడు సబ్బులు తీయడానికి లోపలికి పోయాడు. అప్పుడే వార్డెన్ సార్‌కు స్టోర్ కావలసి వచ్చింది. పిల్లవాడు బయటికి వచ్చేదాకా ఆగాలి, అది న్యాయమే, రెండు నిమిషాలు. ఇంతలో పదో తరగతి అన్నలు ఆ పిల్లవాణ్ణి పిలిచి ఒకరు నీళ్లు తెమ్మన్నారు, ఒకరు బట్టలు తెమ్మన్నారు. చెవి వాడి జేబులోనే ఉంది. అన్నలకు స్టోర్‌తో సంబంధమే లేదు, అయినా వాళ్ల వల్ల వార్డెన్ సార్ గంటసేపు నిలబడ్డారు. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు.

1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలో ఇదే జరిగింది. వాతావరణం చూసే కింది ప్రయారిటీ పని ఒక తాళం పట్టుకుని ఉంది. సమాచార బస్‌ను చూసే పై ప్రయారిటీ పనికి అదే తాళం కావాలి. నడుమ ప్రయారిటీ ఉన్న కమ్యూనికేషన్ పనులు మధ్యలో దూరి కిందిదాన్ని ఆపేశాయి. పైది గడువు తప్పింది, గడువు తప్పిందని గుర్తించిన రక్షణ ఏర్పాటు కంప్యూటర్‌ను రీసెట్ చేసింది. ఇలా మళ్లీ మళ్లీ. భూమి మీద అలాంటి కంప్యూటర్‌నే నడిపి కారణం పట్టుకుని, అక్కడికి సిగ్నల్ పంపి సరిచేశారు. సరిచేసింది ఏమిటి? తాళం పట్టుకున్న పనికి, దానికోసం ఆగి ఉన్న పెద్ద పని ప్రయారిటీని కాసేపు అరువివ్వడం. అంటే పిల్లవాడి చేతిలో చెవి ఉన్నంతసేపు వాడి మాట వార్డెన్ సార్ మాటతో సమానం, అన్నలు పని చెప్పడానికి లేదు. ఈ పద్ధతిని విశ్లేషించి 1990లో ప్రచురించిన ముగ్గురిలో రాజ్‌కుమార్ మన దేశం నుంచి వెళ్లిన ఇంజనీరు.

పైన చెప్పిన రీసెట్ ఏర్పాటునే వాచ్‌డాగ్ టైమర్ అంటారు. ప్రోగ్రామ్ వేళకు వచ్చి దాన్ని తట్టకపోతే ఎక్కడో ఇరుక్కుందని భావించి మళ్లీ మొదలుపెట్టిస్తుంది. మెయిన్ లూపులో కాకుండా టైమర్ ఇంటరప్ట్‌లో తట్టే ప్రోగ్రాములు చూశాం. లూపు చచ్చిపోయినా ఇంటరప్ట్ తడుతూనే ఉంటుంది. కాపలావాడు నిద్రపోయినా గంట కొట్టే యంత్రం పెట్టుకున్నట్టు.

గడియారం తప్పితే

చివరగా గడియారం సంగతి. 8051లో టైమర్‌ను మోడ్ 1లో పెట్టి ప్రతి 10 మిల్లీసెకన్లకు ప్రోగ్రామ్‌తో రీలోడ్ చేస్తే, రీలోడ్ చేసే ప్రతిసారీ కొన్ని మైక్రోసెకన్లు జారిపోతాయి. 5 అనుకోండి. రోజుకు 43 సెకన్లు అవుతుంది, లెక్క వేసి చూడండి. మోడ్ 2లో హార్డ్‌వేరే రీలోడ్ చేస్తుంది గనుక జారదు. అంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లకు 1991 ఫిబ్రవరి 25 గుర్తు చేయాలి. సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో పేట్రియట్ అనే క్షిపణి రక్షణ వ్యవస్థ సెకనులో పదో వంతును 24 బిట్లలో రాసుకుంది. 0.1ని బైనరీలో పూర్తిగా రాయలేం, కొంచెం తెగుతుంది. ఆ కొంచెం 100 గంటలు ఆపకుండా నడిచేసరికి 0.34 సెకను అయింది. ఆ కాసేపట్లో వచ్చే క్షిపణి అర కిలోమీటరు పైగా జరిగిపోతుంది. పేట్రియట్ వెతకవలసిన చోట వెతకలేదు. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు.

మీరు చేయవలసిన లెక్క

పైన మూడు పనుల లెక్కలో స్క్రీన్‌కు పంపే పని 15 మిల్లీసెకన్లు అనుకున్నాం. కంట్రోల్ రూమ్ వాళ్లు ఇంకా రెండు గ్రాఫులు కావాలన్నారు, పని 22కి పెరిగింది. మిగతావన్నీ మారలేదు. గడువు అందుతుందా? 23 అయితే? పుస్తకం పక్కన పెట్టి, మేము చేసినట్టే మెట్టు మెట్టుగా వేసి, తర్వాత కింది జవాబు చూడండి.

జవాబు: 22తో మొదలుపెడితే 40, 42, 50, మళ్లీ 50. సరిగ్గా గడువు మీద నిలిచింది, ప్రాసెసర్ 94 శాతం పనిలో ఉంది. 23తో మొదలుపెడితే 41, 51. గడువు దాటింది. మొదటిసారి 42 దగ్గర వేగం పని ఐదుసార్లు, వాల్వు పని మూడుసార్లు లెక్కపెట్టనివాళ్లకు 50 బదులు వేరే అంకె వస్తుంది. అలా వస్తే మళ్లీ మొదటి నుంచి వేయండి.